ఉప్పునీటి నడుమ ఒక తిప్ప: గౌతమి సంగమం దాకా

పుష్య బహుళ అమావాస్య: చొల్లంగి, కోరంగి, యానాం

గోదావరి పాయ అయిన గౌతమి సముద్రంలో కలిసే చోట, మడ అడవుల లోపల, పడవ తప్ప మరో దారి లేని పల్లెలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదానిలో కొన్నాళ్ళు ఉండి, అక్కడివారు ఏ నీళ్ళు తాగుతారో, ఏ వేళకు ఇల్లు కదులుతారో, జబ్బు చేస్తే ఏం చేస్తారో చూడాలని ఈ యాత్ర పెట్టుకున్నాను. ఒకప్పుడు ఆ ఊరి బడిలో పనిచేసిన మిత్రుడొకరు బస ఏర్పాటు చేశారు. కొద్ది గడపల ఊరు కావడం వల్ల ఎవరి గురించి రాసినా ఇట్టే పోల్చుకుంటారు. అందుచేత ఊరి పేరు రాయడం లేదు. కాట్రేనికోన మండలం తూర్పు కొసన ఉన్న ఒక ఇసుక తిప్ప అని చెబితే చాలు.

బయలుదేరే రోజును నిర్ణయించింది నేను కాదు, పడవవారు. అమావాస్య మొదలు తదియ దాకా పోటు బాగా ఎక్కుతుందనీ, అప్పుడైతే కాలువల్లో పడవ ఎక్కడా నేల పట్టదనీ, అష్టమి దగ్గర పడితే మాత్రం దిగి తొయ్యవలసి వస్తుందనీ ఫోనులోనే చెప్పారు. అలా చొల్లంగి అమావాస్య నాడు కాకినాడలో బస్సు ఎక్కడం తటస్థించింది. గోదావరి ఏడు పాయలై సముద్రంలో కలుస్తుందని చెప్పే సంప్రదాయంలో మొదటిదైన తుల్యభాగ చొల్లంగి దగ్గరే కలుస్తుంది. ఈ రోజు ఇక్కడ స్నానం చేసి, మిగిలిన సంగమాలన్నింటినీ సేవించుకుంటూ మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరడాన్ని సప్తసాగర యాత్ర అంటారు. తీర్థం రద్దీ వల్ల బస్సు చాలాసేపు ఆగింది. దిగి చూస్తే, జనం స్నానం చేస్తున్న చోట నీటికంటె బురదే ఎక్కువగా ఉంది. దానికి ఎవరూ ఇబ్బంది పడుతున్నట్లు కనిపించలేదు.

చొల్లంగి దగ్గర నుంచే కోరంగి అభయారణ్యం మొదలవుతుంది. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యం విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైమాటే. సందర్శకుల కోసం మడచెట్ల మధ్య వేసిన చెక్కబాట మీద పిల్లలతో వచ్చిన కుటుంబాలు ఫొటోలు తీసుకుంటున్నాయి. అడవిని పరిచయం చేసుకోవడానికి ఆ బాట మంచిదే కాని, కాలికి బురద అంటకుండా చూసిన మడ అడవిని చూసినట్లు లెక్కించనక్కరలేదని నా అభిప్రాయం. కోరంగి ఊరు ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. రంగూను వెళ్ళే తెలుగువారు ఇక్కడ ఓడ ఎక్కేవారు. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు, వాటికి తోడు ఏటేటా పేరుకున్న ఒండ్రు కలిసి ఆ రేవును లేకుండా చేశాయి. రాత్రికి యానాంలో ఆగాను. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, ఇప్పటికీ పుదుచ్చేరిలో భాగంగా ఉన్న ఈ పట్టణం గురించి రాసినవారు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

మాఘ శుద్ధ పాడ్యమి: యానాం నుంచి తిప్పకు

యానాంకూ ఎదుర్లంకకూ మధ్య గౌతమి మీద వంతెన 2002లో వచ్చింది. దానికి లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన బాలయోగి పేరు పెట్టారు. అంతకుముందు ఈ రేవులో పంటు మీద దాటవలసిందే. తెల్లవారగానే ఆ వంతెన మీదుగా కోనసీమలో ప్రవేశించి, మురమళ్ళ దాటి, అన్నంపల్లి అక్విడక్టు దగ్గర బస్సు దిగాను. ఈ కట్టడాన్ని చూడకుండా తిప్పకు వెళితే అక్కడి కష్టం సగమే అర్థమవుతుంది. కింద వృద్ధ గౌతమి పాయ, పైన పంటకాలువ. పైన పోయేది ధవళేశ్వరం దగ్గర గోదావరి నుంచి మళ్ళించిన తీపినీరు; కింద ఉన్నది, ఈ రుతువులో, సముద్రం నుంచి పోటుతో ఎక్కివచ్చిన ఉప్పునీరు. రెండూ ఒకే నదికి చెందిన దారులే.

1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, ఆ తర్వాత దాని స్థానంలో కట్టిన బ్యారేజీ కలిసి గోదావరి డెల్టాలో పది లక్షల ఎకరాలకు పైగా తడుపుతున్నాయి. వరదల కాలం ముగిశాక నదిలో వచ్చే నీటిని దాళ్వా, అంటే రెండో పంట వరి కోసం కాలువలకు మళ్ళిస్తారు, గేట్లు దించుతారు. దిగువన గౌతమి పేరుకు నదే అయినా, వరద మళ్ళీ వచ్చేదాకా అది సముద్రానికి చాచిన చెయ్యి మాత్రమే. కాలువ చేరిన ప్రతి ఊరూ బాగుపడింది. కాలువ చేరలేని ఇసుక తిప్పల మీద ఉన్నవారికి మాత్రం, వేసవి వచ్చేసరికి, చుట్టూ నీరు ఉండీ గుక్కెడు తాగడానికి లేని స్థితి ఏర్పడింది. ఈ మాట ఆనకట్టను తప్పుపట్టడానికి అనడం లేదు. దాని లెక్కలో ఈ తిప్పలు ఎప్పుడూ చేరలేదని చెప్పడానికే అంటున్నాను.

ముమ్మిడివరం, కాట్రేనికోన మీదుగా ఆటోలో రేవుకు చేరేసరికి తొమ్మిది దాటింది. దారి పొడవునా వరిచేలు, కొబ్బరితోటలు తగ్గుతూ, రొయ్యల చెరువులు పెరుగుతూ వచ్చాయి. రేవులో మా పడవలో నాకంటె ముందే ఎక్కినవి నీళ్ళ డబ్బాలు, రెండు గ్యాసు బండలు, ఐసు పెట్టెలు, ఒక బియ్యం బస్తా. మిగిలిన చోట మనుషులం కూర్చున్నాం. ఇంజను ఉన్న పడవే అయినా కాలువ ఇరుకైన చోటల్లా సరంగు ఇంజను ఆపి గెడ వేశాడు. రెండు పక్కలా నల్లమడ, తెల్లమడ, నీటి అంచున ఊతవేళ్ళు దించిన ఉప్పు పొన్న, అక్కడక్కడ తిల్ల. తిల్ల కొమ్మ విరిస్తే వచ్చే పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం కాబట్టి, కొమ్మ తగిలేలా ఉంటే తల వంచమని సరంగు ముందే హెచ్చరించాడు. ఉప్పు పొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, మునగకాయంత పొడవై, కింద బురదలో దిగబడుతుంది. పాటు సమయంలో, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, రాలితే అక్కడే నాటుకుంటుంది. పోటులో రాలితే ఎక్కడికో కొట్టుకుపోయి మరో గట్టున వేళ్ళు వేస్తుంది.

గంటకు పైగా ప్రయాణం చేశాక అడవి ఒక్కసారిగా తెరిపి ఇచ్చి, ఇసుక మీద సరుగుడు చెట్లు, వాటి కింద ఇళ్ళు కనిపించాయి. సగం తాటాకు పాకలు; సగం తుఫానుల తర్వాత ప్రభుత్వం కట్టించిన శ్లాబు ఇళ్ళు. ఉప్పుగాలికి శ్లాబుల్లో ఇనుము తుప్పు పట్టి, పెచ్చులు ఊడి, చువ్వలు బయటపడ్డాయి. నేను బస చేసిన ఇంటివారు శ్లాబు గదిలో వలలు పెట్టుకుని, పక్కన వేసుకున్న పాకలో పడుకుంటున్నారు. ఎందుకని అడిగితే, పాక పడితే మళ్ళీ వేసుకోవచ్చు, శ్లాబు పడితే మనిషి మీదే పడుతుంది కదండీ అని ఇంటి పెద్దావిడ జవాబు చెప్పింది.

విదియ: చెలమ, వల, పీత

తెల్లవారుజామున ఆడవారితో కలిసి చెలమల దగ్గరకు వెళ్ళాను. ఈ తిప్పకు ప్రాణం పోసేవి ఇవే. ఇసుక మీద పడ్డ వాననీరు లోపలికి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద, పాల మీద మీగడలా తేలి నిలుస్తుంది. తేలిక నీరు పైన, బరువు నీరు కింద. ఇసుకలో మోకాలి లోతు గుంట తీస్తే తీపినీరు ఊరుతుంది. ఆశపడి లోతుగా తవ్వితే ఉప్పు పైకి వస్తుంది, ఆ గుంట ఇక చాలా రోజులు పనికిరాదు. అందుకే బిందె ముంచరు. కొబ్బరిచిప్పతో మెల్లగా తోడి, గుడ్డ వడగట్టి బిందెలో పోస్తారు. ఒక బిందె నిండాక ఆ గుంటను వదిలి రెండో గుంటకు వెళతారు. మొదటిది ఊరేదాకా ఆగుతారు. ఈ వరస ఎవరూ తప్పరు. చేతిపంపు కూడా ఒకటి వేశారు కాని, దాని నీళ్ళతో గిన్నెలు తోముకోవడమే. చెలమ నీటి రుచి నాకు బాగానే ఉంది. ఫాల్గుణం దాటాక ఈ రుచి ఉండదనీ, అన్నం ఎర్రబడుతుందనీ, అప్పటి నుంచి డబ్బా నీళ్ళే గతి అనీ చెప్పారు.

ఇంటి యజమానితో, ఆయన బావమరిదితో కలిసి పది గంటలకు కాలువలోకి వెళ్ళాను. పోటు నిండే వేళకు చిన్న పాయ నోటికి అడ్డంగా గెడలు పాతి వల కట్టారు. నీరు తీసేటప్పుడు లోపలికి వెళ్ళిన చేప వలకు తగులుకుంటుంది. చేయవలసిందల్లా పాటు వచ్చేదాకా ఓపిక పట్టడమే. ఇక్కడ గడియారం కంటె పంచాంగం నమ్మకమైనది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతి తిథికీ సుమారు రెండు ఘడియలు ఆలస్యం. నిన్న పోటు ఎప్పుడు నిండిందో గుర్తుంటే ఈ రోజు పని వేళ తెలిసినట్లే. బడి, పెళ్ళి, ఆసుపత్రి ప్రయాణం అన్నీ దీనికి లోబడే సాగుతాయి.

నీరు తీశాక బయటపడిన బురదలో ముళ్ళ చాపలా నిలబడ్డ మడచెట్ల శ్వాసవేళ్ళ మధ్య నడవడం నా వల్ల కాలేదు. వాళ్ళు మాత్రం బొరియ చూసి ఇనుప కొక్కెం దించి, పీత కొక్కేన్ని పట్టుకున్నాక బయటికి లాగి, కాలితో అదిమి, డెక్కలు నైలాను తాడుతో కట్టేస్తున్నారు. అమావాస్య పీతకు కండ ఎక్కువ, పున్నమి పీత గుల్ల అని ఇక్కడి నమ్మకం. పెంకు వదిలి కొత్త పెంకు ఇంకా గట్టిపడని నీళ్ళ పీత దొరికితే ధర రాదు కాబట్టి దాన్ని కొందరు చెరువుల్లో పెట్టి మేపుతారు. మడ పీత ప్రాణంతో ఉంటేనే విలువ. చెన్నై చేరి అక్కడి నుంచి విమానం ఎక్కుతుంది. ఈ ఊరిలో విమానం ఎక్కినవారు ఎవరూ లేరు, పీతలు తప్ప.

బురద మీద ఒక చోట పిల్లి అడుగులకంటె పెద్ద అడుగులు చూపించారు. బావురుపిల్లి రాత్రి వచ్చి వెళ్ళింది. దాని మీద ఎవరికీ కోపం లేదు. నీటికుక్కల మీద మాత్రం ఉంది. అవి గుంపుగా వచ్చి, వలలో పడ్డ చేపను తినడమే కాక వలను కూడా చింపుతాయి. ఆ రోజు వలలో పడ్డవి నాలుగు జెల్లలు, ఒక చిన్న పండుగప్ప, బుట్టెడు రొయ్యలు. పండుగప్పను ఇంట్లో వండుకోరు. అది సావుకారుకు చెందుతుంది. పడవకూ వలకూ ఇంజనుకూ అప్పు ఇచ్చిన సావుకారుకే సరుకు ఇవ్వాలనేది ఒప్పందం. ధర కూడా ఆయన చెప్పిందే. ఐసు ఉంటే రెండు రోజులు ఆగి బేరం చేయవచ్చు. ఐసు తెచ్చేది కూడా సావుకారు పడవే. ఈ ఊరి బీదరికాన్ని ఒక వస్తువులో చూపించమంటే నేను ఐసు పెట్టెనే చూపిస్తాను.

సాయంత్రం అడవి లోపల అటవీశాఖ, గ్రామస్థులు కలిసి మడ మొక్కలు నాటిన జాగాకు తీసుకువెళ్ళారు. చెట్లు నరికేసిన చోట నేల కుంగి, పోటునీరు వచ్చి నిలిచిపోయి, ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. ఆ ఉప్పులో మడ గింజ కూడా బతకదు. దానికి విరుగుడుగా చేపముల్లు ఆకారంలో పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా పిల్ల కాలువలు తవ్వి, పోటు వచ్చిపోయేలా చేశారు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ ఈ పద్ధతిని ఊరివారి భాగస్వామ్యంతో అమలు చేసింది. మొక్కలు ఇప్పుడు తలకు మించి ఎదిగాయి. వాటిని మేస్తూ ఎవరివో గేదెలు పాయ ఈదుకుంటూ వచ్చాయి. మడ ఆకు మేసిన గేదె పాలు చిక్కగా ఉంటాయని ఒకరు, అటవీశాఖవారు చూస్తే గొడవ అవుతుందని మరొకరు అన్నారు. రెండూ నిజమే అయి ఉంటాయి.

తదియ: బడి, ఆసుపత్రి, 1996

ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒకే గది. మాస్టారు అవతలి గట్టు నుంచి పడవలో వస్తారు. తెల్లవారుజామున నీరు తీసి ఉండటం వల్ల ఆయన పడవ ఎక్కేసరికే ఎనిమిదిన్నర అయింది. అంతదాకా పిల్లలు బడి అరుగు మీద కూర్చుని ఎక్కాలు అప్పజెప్పుకుంటున్నారు, అలవాటైన పని. అయిదో తరగతి తర్వాత చదవాలంటే అవతల హాస్టలులో ఉండాలి. మగపిల్లల్లో చాలామంది అక్కడి నుంచి ఏడాది తిరగకుండా వెనక్కి వచ్చి వల పట్టుకుంటారనీ, ఆడపిల్లలే నిలబడి చదువుతున్నారనీ మాస్టారు చెప్పారు. ఇంటరు పూర్తిచేసిన ఒక అమ్మాయి ఇప్పుడు ఊరివారి బ్యాంకు కాగితాలన్నీ రాస్తోంది.

ఆరోగ్యం సంగతి ఆశా కార్యకర్త చెప్పింది. నెలలు నిండుతుండగానే గర్భిణిని అవతలి గట్టున బంధువుల ఇంటికి పంపించేస్తారు. 108 బండి రేవు దాకా వస్తుంది. రేవు దాకా పడవలో తీసుకువెళ్ళడం మాత్రం పాటు కాలంలో ఎవరి వల్లా కాదు. పాము కరిస్తే కట్టు కట్టి, నీరు ఉంటే పడవలో, లేకపోతే బురదలో మంచం మోసుకుంటూ వెళతారు. ఇక్కడ దూరం కిలోమీటర్లలో తక్కువే. వేళ కుదరకపోతే అదే దూరం ఆరు గంటలవుతుంది.

మధ్యాహ్నం తుఫాను షెల్టరు నీడలో పెద్దవాళ్ళు వల అల్లుతుండగా 1996 నవంబరు 6 నాటి తుఫాను మాట వచ్చింది. ఆ రాత్రి కోనసీమలో వేయి మందికి పైగా చనిపోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. ఆ రోజుల్లో సముద్రంలో దొరికే రొయ్యపిల్లకు చెరువుల వారి దగ్గర మంచి గిరాకీ ఉండేది. దాన్ని పట్టడానికి బయటి ఊళ్ళ నుంచి వచ్చి ఒడ్డున పాకలు వేసుకున్నవారు చాలామంది కొట్టుకుపోయారని ఒక పెద్దాయన చెప్పారు. ఆయన చెప్పినదాంట్లో నేను ఊహించని విషయం ఒకటుంది. జనం సముద్రం వైపు చూస్తూ నిలబడితే, నీరు వెనక నుంచి, మడకాలువ దారిన వచ్చిందట. అడవి అలను విరిచింది కాని, కాలువ నీటిని లోపలికి తెచ్చింది. అందుకే ఇప్పుడు షెల్టరు మెట్లు కాలువ వైపు కాకుండా ఊరి నడుమకు తిరిగి ఉన్నాయి. ఫోనులో హెచ్చరికలు వస్తున్నాయి, మునుపటి భయం లేదు అన్నారు. ఖాళీ చేయమంటే చేస్తారా అని అడిగాను. "మేం ఎల్తామండి. వలలూ ఇంజన్లూ ఎవరు మోత్తారండి?" అని పెద్దాయన నవ్వారు.

వరదకు మాత్రం ఎవరూ భయపడరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. ఎగువ లంకల్లో ఆ మూడో హెచ్చరిక అంటే ఇళ్ళు వదలడం. సముద్రం పక్కనే ఉన్న ఈ తిప్ప మీద మాత్రం వరద తీపినీటిని తెస్తుంది, చేపను తెస్తుంది, ఒండ్రును తెస్తుంది. ఆగస్టులో పడవలో కూర్చుని ఏటి నీళ్ళు దోసిలితో తాగుతామని ఒకామె చాలా సంతోషంగా చెప్పింది.

చవితి: సంగమం, తిరుగు ప్రయాణం

పొద్దున్నే ఇసుక మీద నడిచి నది నోటి దాకా వెళ్ళాను. ఒడ్డున రెండు తాబేళ్ళు చచ్చి పడి ఉన్నాయి. ఈ నెలల్లో ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయినవి ఇలా కొట్టుకు వస్తాయి. తీరం కోత మరింత ఆందోళన కలిగించింది. సరుగుడు చెట్లు వేళ్ళతో సహా సముద్రంలోకి ఒరిగి ఉన్నాయి. ఎగువ జలాశయాలన్నీ ఒండ్రును ఆపుకుంటుంటే డెల్టా అంచుకు చేరే మట్టి తగ్గుతుంది. మట్టి తగ్గిన చోట సముద్రం కొరుకుతుంది. నా వెంట వచ్చిన కుర్రవాడు తన తాత ఇల్లు ఉన్న చోటు అని నీళ్ళలోకి చెయ్యి చూపించాడు. ఇల్లు రెండుసార్లు వెనక్కి జరిగిందనీ, మూడోసారి జరగడానికి వెనక ఉన్నది అభయారణ్యపు హద్దు అనీ అన్నాడు.

పదకొండు గంటలకు పోటు మీద పడవ కదిలింది. ఈసారి డబ్బాలు ఖాళీగా ఉన్నాయి. వాటి యజమానురాలు, యాభై ఏళ్ళ మనిషి, దారంతా నీటి లెక్క వివరించింది. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. కట్టేముందు అవతలి ఊరి మంచినీటి చెరువు నింపుతారు. మళ్ళీ జూన్‌లో వదిలేదాకా ఆ చెరువే ఆ ఊరికీ, ఈ తిప్పకూ ఆధారం. మొదట్లో ఎవరూ ఏమీ అనరు. చెరువు అడుగు కనిపించే రోజుల్లో మాత్రం, తమ గేదెలకే చాలడం లేదు, మీకెక్కడివి అంటారు. అనడం న్యాయమే, మేమైనా అంటాం అని కూడా చెప్పింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను పడవలకు సముద్రంలో వేట నిషేధం కావడంతో, నీళ్ళు కొనవలసిన రోజులూ రాబడి లేని రోజులూ ఒక్కసారే వస్తాయి. గెడతో నడిచే చిన్న పడవలకు ఆ నిషేధం లేదు కాబట్టి, కాలువలో దొరికే పీతతో ఆ 61 రోజులూ నెట్టుకొస్తారు. ఇటీవల రొయ్యల చెరువుల మురుగు కాలువల్లోకి వదలడం ఎక్కువయ్యాక ఆ పీత కూడా తగ్గిందని సరంగు అందుకున్నాడు. ధవళేశ్వరం నుంచి నీరు వచ్చే ఆ అవతలి ఊరికి పైపు వేశారు. అక్కడి నుంచి పాయ అడుగున తిప్ప దాకా వేస్తామని కొలతలు కూడా తీసుకువెళ్ళారట.

రేవులో దిగాక ఆమె కుళాయి దగ్గర డబ్బాలు వరసగా పెట్టింది. మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు అని అడిగాను. "శ్రావణంలో రండి మాస్టారూ, ఏటి నీళ్ళు తాగుదురు గాని. ఎండల్లో వత్తే మాత్రం మీ డబ్బా మీరే తెచ్చుకోవాలండి, ఆయ్" అంది.